ప్రొడక్షన్‌లో డేటా ఎక్కడ పెట్టాలి: ఈఎక్స్‌టీ4 నుంచి సెఫ్ దాకా, ఏది ఎవరికి

కొత్త సర్వర్ సిద్ధం చేసేటప్పుడు ప్రాసెసర్, మెమరీ గురించి గంటలు మాట్లాడుకుంటాం. ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళను అమర్చి, వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్) దగ్గరికి వచ్చేసరికి ఇన్‌స్టాలర్ ఏది చూపిస్తే దానికే సరే అంటాం. కానీ తర్వాత మార్చడం అన్నిటికన్నా కష్టమైనది ఇదే. వెబ్ సర్వర్ నచ్చకపోతే ఒక రోజులో మార్చుకోవచ్చు. 40 టీబీ డేటా ఉన్న ఫైల్‌సిస్టమ్‌ని మార్చాలంటే అంత ఖాళీ ఇంకోచోట చూసుకోవాలి, రోజుల తరబడి కాపీ చేయాలి, ఆ కాపీ సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకోవాలి, ఇదంతా సర్వీసు నడుస్తుండగానే చేయాలి.

ఈ విషయం మీద వచ్చే పోలికలు ఎక్కువగా వేగం చుట్టూనే తిరుగుతాయి. సెకనుకు ఎన్ని రైట్లు, ఎన్ని రీడ్లు అని బొమ్మలు గీస్తారు. నేను ముందు అడిగేవి మూడు ప్రశ్నలు. ఇది ఎలా పాడవుతుంది? పాడైన సంగతి మనకు ఎలా తెలుస్తుంది? బాగుచేయడం మన దగ్గరున్న మనుషులకు చేతనవుతుందా? వీటికి జవాబు దొరికాక మిగిలినవాటిలో వేగం చూసుకోవచ్చు. నిజానికి అక్కడిదాకా వచ్చేసరికి వేగంలో తేడా చాలామందికి పట్టించుకోవలసినంత ఉండదు.

ఒకే మెషీన్ అయితే: ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్

ఈఎక్స్‌టీ4 స్థిరమైన రూపంలో 2008 డిసెంబర్‌లో లినక్స్ 2.6.28తో వచ్చింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇంకా పాతది. సిలికాన్ గ్రాఫిక్స్ 1990ల్లో తన ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారుచేసుకుని, తర్వాత లినక్స్‌కి ఇచ్చింది. రెడ్ హ్యాట్ 2014లో ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7తో దాన్నే డిఫాల్ట్ చేసింది. రెండూ జర్నల్ పద్ధతిలో, అంటే చేయబోయే మార్పును ముందు ఒక చిట్టాలో రాసుకుని, పనిచేస్తాయి. కరెంటు పోయి మెషీన్ మళ్ళీ లేస్తే ఫైల్‌సిస్టమ్ నిర్మాణం సరిగ్గానే ఉంటుంది, సెకన్లలో మౌంట్ అవుతుంది. ఇన్నేళ్ళుగా లెక్కలేనన్ని సర్వర్ల మీద నడిచి నలిగినవి కాబట్టి వీటిలో బయటపడని పెద్ద లోపాలు ఇంకా ఉంటాయని నేననుకోను.

తేడాలు వాడకంలో తెలుస్తాయి. ఈఎక్స్‌టీ4ని అన్‌మౌంట్ చేసి కుదించవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచడమే తప్ప, పనికొచ్చేంతగా కుదించడం లేదు. కాబట్టి ఎల్‌వీఎం (డిస్కులను కలిపి కావలసినంత ముక్కలుగా పంచే లినక్స్ పొర) మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెడుతుంటే మొదటే ఉన్న చోటంతా ఇచ్చేయకండి. కొంచెం ఇచ్చి, అవసరాన్నిబట్టి పెంచుతూ పోవడం మేలు. పరిమాణం పెరిగేకొద్దీ మొగ్గు ఎక్స్‌ఎఫ్‌ఎస్ వైపే. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో ఈఎక్స్‌టీ4కి మద్దతు 50 టీబీ దగ్గరే ఆగిపోతుంది, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి 1024 టీబీ దాకా ఉంది. ఎక్కువ థ్రెడ్‌లు ఒకేసారి రాసే పనిలో కూడా ఎక్స్‌ఎఫ్‌ఎస్ నిలకడగా ఉంటుంది. డిస్క్‌ని అలకేషన్ గ్రూపులుగా విడగొట్టి దేనికదిగా చోటు కేటాయించుకోవడమే దానికి కారణం. మాంగోడీబీ డేటాబేస్ వాళ్ళు తమ వైర్డ్‌టైగర్ ఇంజిన్‌కి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నే సూచిస్తారు.

ఈఎక్స్‌టీ4లో కొత్తవాళ్ళు తరచూ పడే చిక్కు ఒకటుంది, కాస్త దగ్గరగా చూద్దాం. ఇది ఐనోడ్‌ల (ఒక్కో ఫైల్ వివరాలు దాచే రికార్డుల) సంఖ్యను ఫార్మాట్ చేసేటప్పుడే తేల్చేస్తుంది. మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున కేటాయిస్తుంది. 1 టీబీ డిస్క్‌కి అలా సుమారు 6.7 కోట్ల ఐనోడ్‌లు వస్తాయి. మీ ఫైళ్ళు సగటున 4 కేబీ ఉన్నాయనుకోండి. డిస్క్ పావువంతు నిండేసరికే ఐనోడ్‌లు అయిపోతాయి. ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఎర్రర్ వస్తుంది, డిస్క్ వాడకం చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే ముప్పాతిక డిస్క్ ఖాళీగా కనిపిస్తుంది. డీఎఫ్‌కి ఐ ఆప్షన్ తగిలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు: డిస్క్ పెంచాలి, లేదా మళ్ళీ ఫార్మాట్ చేయాలి. మెయిల్ సర్వర్లు, థంబ్‌నెయిల్‌ల నిల్వ, ప్యాకేజీ క్యాష్‌లు ఇలాంటి చోట్లే దెబ్బతింటాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐనోడ్‌లను అవసరమైనప్పుడల్లా కొత్తగా సృష్టించుకుంటుంది, ఈ బాధ చాలావరకు ఉండదు. ఇంకో చిన్న విషయం: ఈఎక్స్‌టీ4 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం పక్కనపెడుతుంది. 10 టీబీ డేటా డిస్క్‌లో అది 500 జీబీ. సిస్టమ్ డిస్క్‌లో అలాగే ఉంచండి, డేటా డిస్క్‌లో ట్యూన్‌2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో తగ్గించుకోండి.

ఈ రెండిటికీ ఉన్న ఒకే పెద్ద లోటు, ఇవి మెటాడేటాకి (ఫైళ్ళ పేర్లు, స్థానాలు వంటి వివరాలకి) మాత్రమే చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో తేల్చే సరిచూపు అంకె) పెడతాయి. మీ డేటాలో ఒక బిట్ తారుమారైతే అవి గమనించవు, తప్పుడు డేటానే నిశ్శబ్దంగా అందిస్తాయి. కింద ఎండీ రెయిడ్‌తో (డిస్కులను గుంపుగా కట్టే లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో) మిర్రర్, అంటే రెండు డిస్కుల్లో ఒకే డేటా, పెట్టినా లాభం లేదు. రెండు డిస్కుల్లో రెండు రకాల డేటా ఉంటే ఏది నిజమో దానికి తెలియదు, తేడా ఉందని మాత్రమే చెప్పగలదు. డీఎం-ఇంటిగ్రిటీ అనే పొర కలిపితే ఆ లోటు తీరుతుంది, వేగం మాత్రం బాగా తగ్గుతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్: డేటా విలువైనదైతే ముందు దీన్నే చూడండి

సన్ మైక్రోసిస్టమ్స్‌లో 2001లో జెఫ్ బోన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ దీని పని మొదలుపెట్టారు. 2005లో ఓపెన్ సోలారిస్‌లో సోర్స్ కోడ్ బయటికి వచ్చింది. సన్‌ని ఒరాకిల్ కొన్నాక ఆ తలుపులు మూసుకున్నాయి. బయట ఉన్న కోడ్‌ని పట్టుకుని 2013లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ మొదలైంది. 2020 చివర్లో వచ్చిన 2.0తో లినక్స్, ఫ్రీబీఎస్‌డీ రెండూ ఒకే కోడ్‌బేస్‌లోకి వచ్చాయి.

దీని గొప్ప ఏమిటంటే, రెయిడ్, వాల్యూమ్ మేనేజర్, ఫైల్‌సిస్టమ్ మూడూ ఒకటే. ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ ఉంటుంది, ఆ చెక్‌సమ్ బ్లాక్‌తోపాటు కాకుండా దాన్ని చూపించే పై బ్లాక్‌లో ఉంటుంది. చదివినప్పుడు సరిపోలకపోతే మిర్రర్‌లోని రెండో ప్రతిని తెచ్చి మీకిచ్చి, చెడిపోయినదాన్ని అక్కడికక్కడే తిరగరాస్తుంది. జెడ్‌పూల్ స్టేటస్ కొడితే ప్రతి డిస్క్ పక్కనా మూడు అంకెలు కనిపిస్తాయి: రీడ్, రైట్, చెక్‌సమ్. మొదటి రెండూ సున్నా ఉండి మూడోది పెరుగుతుంటే, డిస్క్ ‘నేను బాగానే ఉన్నాను’ అంటూ తప్పుడు డేటా ఇస్తోందన్నమాట. వైరు వదులైనా, కంట్రోలర్ చెడినా, మెమరీ చెడినా ఇలాగే కనిపిస్తుంది. ఈఎక్స్‌టీ4 కింద అదే డిస్క్ ఉంటే ఆ సంగతి మీకు నెలల తర్వాత, ఏ పాత ఫైలో తెరుచుకోనప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఆ చెడు ప్రతే బ్యాకప్‌లలోకి కూడా చేరిపోయి ఉంటుంది. నాకు జెడ్‌ఎఫ్‌ఎస్ మీద గౌరవం కలగడానికి ఆ మూడో అంకె ఒక్కటే చాలు.

స్నాప్‌షాట్‌లు (ఆ సమయానికి డేటా ఉన్న స్థితిని పట్టి ఉంచేవి) క్షణంలో అవుతాయి. సెండ్, రిసీవ్ అనే జంటతో మారిన బ్లాక్‌లను మాత్రమే ఇంకో మెషీన్‌కి పంపవచ్చు. కోట్ల ఫైళ్ళున్న చోట ఆర్‌సింక్ ఏం మారిందో వెతుక్కోవడానికే గంటలు తీసుకుంటుంది. సెండ్‌కి ఆ వెతుకులాట ఉండదు.

ఇక జాగ్రత్తలు. రెయిడ్‌జెడ్ (డేటాను, కోలుకోవడానికి కావలసిన అదనపు సమాచారాన్ని డిస్కులకు పంచే పద్ధతి; పక్కనుండే అంకె ఎన్ని డిస్కులు పోయినా తట్టుకుంటుందో చెబుతుంది) గుంపు ఎన్ని డిస్కులతో కట్టినా, యాదృచ్ఛిక రీడ్‌ల విషయంలో దాదాపు ఒక్క డిస్క్ వేగమే ఇస్తుంది. డేటాబేస్‌లకీ వర్చువల్ మెషీన్‌లకీ మిర్రర్ జతలే పెట్టండి. రెయిడ్‌జెడ్2ని బ్యాకప్‌లకీ పెద్ద ఫైళ్ళకీ ఉంచండి. రెయిడ్‌జెడ్1ని పెద్ద డిస్కులతో నేను ఎవరికీ సూచించను. ఒక డిస్క్ పోయాక దాని బదులు పెట్టిన 20 టీబీ డిస్క్‌ని సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆపకుండా రాసినా 28 గంటలు పడుతుంది, పనిలో ఉన్న సర్వర్ మీద రోజులు పట్టవచ్చు. అన్నాళ్ళూ ఇంకో డిస్క్ పోకూడదని దండం పెట్టుకుంటూ కూర్చోవాలి. డిస్కులు కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్ (ట్రాక్‌లు ఒకదానిమీదొకటి పడేలా రాసే) రకం కాకుండా చూసుకోండి, రీసిల్వర్ (కొత్త డిస్క్‌లో డేటాను తిరిగి కట్టడం) చేసేటప్పుడు అవి నత్తనడక నడుస్తాయి.

రికార్డ్‌సైజ్ (జెడ్‌ఎఫ్‌ఎస్ రాసే బ్లాక్ గరిష్ఠ పరిమాణం) మామూలుగా 128 కేబీ. డేటాబేస్ 8 లేదా 16 కేబీ పేజీలు రాస్తుంటే ప్రతి చిన్న మార్పుకీ 128 కేబీ చదివి తిరగరాయాల్సి వస్తుంది. ఆ డేటాసెట్‌కి రికార్డ్‌సైజ్‌ని 16 కేబీకి దించండి, డేటా పోయకముందే దించండి, ఎందుకంటే పాత ఫైళ్ళకి ఆ మార్పు వర్తించదు. పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కులన్నీ కలిసిన నిల్వ) 80 శాతం దాటి నిండనివ్వకండి. అన్నిటికన్నా ముఖ్యం: రెయిడ్‌జెడ్ పూల్‌కి పొరపాటున ఒంటరి డిస్క్‌ని యాడ్ చేస్తే, దాన్ని మళ్ళీ తీయలేరు. ఆ ఒక్క డిస్క్ పోతే పూల్ మొత్తం పోతుంది. ఆ కమాండ్ కొట్టే ముందు ఎన్ ఆప్షన్‌తో ఒకసారి నమూనా చూసుకోండి. ఉన్న రెయిడ్‌జెడ్ గుంపునే ఒక్కో డిస్క్ చొప్పున పెంచే సదుపాయం 2025 జనవరిలో 2.3తో వచ్చింది, పాత వెర్షన్‌లలో అది లేదు.

లైసెన్సు సంగతి కూడా చూడాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌ది సీడీడీఎల్, లినక్స్‌ది జీపీఎల్. ఈ రెండు లైసెన్సులూ పొసగవు, అందువల్ల ఇది కెర్నల్‌లో (లినక్స్ మూలభాగంలో) భాగం కాదు, కాబోదు. ఉబుంటు 16.04 నుంచి సిద్ధంగా తయారుచేసిన మాడ్యూల్‌ని ఇస్తోంది, వర్చువల్ మెషీన్‌లు నడిపే ప్రాక్స్‌మాక్స్ కూడా అంతే. మిగతా చోట్ల కెర్నల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే సాధనం మాడ్యూల్‌ని కొత్తగా కంపైల్ చేయాలి. కెర్నల్ ముందుకెళ్ళి జెడ్‌ఎఫ్‌ఎస్ వెనకబడితే, రీబూట్ అయ్యాక పూల్ కనిపించదు. కాబట్టి కెర్నల్ అప్‌డేట్‌లను తనంతట తాను జరగనివ్వకండి.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. 2023 అక్టోబర్‌లో 2.2.0 వచ్చింది. నవంబర్‌లో కొందరికి, అప్పుడే కాపీ చేసిన ఫైళ్ళలో అక్కడక్కడ సున్నాలు కనిపించాయి. ముందు కొత్త బ్లాక్ క్లోనింగ్‌ని (డేటాను తిరిగి రాయకుండానే కాపీ చేసే ఫీచర్‌ని) అనుమానించారు. తవ్వి చూస్తే అసలు లోపం చాలా ఏళ్ళుగా ఉన్న పాతది, కొత్త ఫీచర్ వల్ల తరచుగా బయటపడిందంతే. 2.2.2, 2.1.14 వెర్షన్‌లలో సరిచేశారు. ఆ సున్నాలను స్క్రబ్ (డేటా మొత్తం చదివి చెక్‌సమ్‌లు సరిచూసే పని) పట్టుకోలేకపోయింది. సున్నాలుగా రాసిన డేటాకి సున్నాల చెక్‌సమ్ సరిగ్గానే సరిపోతుంది కదా. చెక్‌సమ్ డిస్క్ తప్పులను పట్టుకుంటుంది, సాఫ్ట్‌వేర్ తప్పులను పట్టుకోలేదు. అందుకే బ్యాకప్‌లలో కనీసం ఒకటి వేరే ఫైల్‌సిస్టమ్ మీద ఉండాలన్నది నా పట్టుదల.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్

2007లో ఒరాకిల్‌లో ఉండగా క్రిస్ మేసన్ మొదలుపెట్టిన ఈ ఫైల్‌సిస్టమ్ కెర్నల్‌లోనే ఉంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌తో వచ్చే మాడ్యూల్ గొడవ ఉండదు. చెక్‌సమ్‌లు, స్నాప్‌షాట్‌లు, జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ అన్నీ ఉన్నాయి. సూసే 2014 నుంచి తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 12లో రూట్ (సిస్టమ్) విభాగానికి దీన్నే డిఫాల్ట్‌గా పెట్టింది, ఫెడోరా డెస్క్‌టాప్‌లో 2020లో, 33వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ అయింది. మెటా తన సర్వర్లలో విస్తారంగా వాడుతోంది. మరోపక్క రెడ్ హ్యాట్ 2017లోనే దీనికి స్వస్తి చెప్పి, 8వ వెర్షన్‌లో పూర్తిగా తీసేసింది.

ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఇంత విరుద్ధమైన నిర్ణయాలు ఎందుకంటే, దీనిలో కొన్ని భాగాలు గట్టివి, కొన్ని కావు. ఒక డిస్క్ మీద, లేదా రెయిడ్1 (మిర్రర్) మీద ఇది హాయిగా నడుస్తుంది. రెయిడ్5, రెయిడ్6 (రెయిడ్‌జెడ్1, 2 లాంటివి) మాత్రం ప్రొడక్షన్‌కి వద్దని దాని సొంత డాక్యుమెంటేషనే చెబుతోంది. ఆ మాట వినండి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లాగే ఇదీ కాపీ-ఆన్-రైట్ రకం, మార్పును పాత చోట కాక కొత్త చోట రాస్తుంది, కాబట్టి డేటాబేస్‌లు, వర్చువల్ డిస్క్‌ల ఫైళ్ళు దీని మీద ముక్కలుముక్కలైపోతాయి. అందుకు విరుగుడుగా ఆ పద్ధతిని ఆపే నోడేటాకౌ ఆప్షన్ పెడతారు, అది పెడితే ఆ ఫైళ్ళకి చెక్‌సమ్ కూడా పోతుంది. దేనికోసం దీన్ని ఎంచుకున్నామో దాన్నే వదులుకున్నట్టు. రెయిడ్1లో ఒక డిస్క్ పోయాక రీబూట్ చేస్తే తనంతట తాను మౌంట్ కాదు, డిగ్రేడెడ్ ఆప్షన్‌ని చేత్తో ఇవ్వాలి. ఈ సంగతి రన్‌బుక్‌లో (ఏదైనా చెడితే ఏం చేయాలో అడుగడుగునా రాసిపెట్టుకునే పత్రంలో) రాసి ఉండకపోతే అర్ధరాత్రి ఇబ్బంది పడతారు.

సిస్టమ్ డిస్క్‌కి, అప్‌డేట్ వికటిస్తే వెనక్కి తిప్పుకోవడానికి, బిల్డ్ సర్వర్లకి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మంచి ఎంపిక. ప్రధాన డేటాబేస్‌కి నేను పెట్టను.

బీక్యాష్‌ఎఫ్‌ఎస్ గురించి అడిగేవాళ్ళు ఉన్నారు. 2024 జనవరిలో కెర్నల్ 6.7తో లోపలికి వచ్చింది. అభివృద్ధి పద్ధతి మీద లైనస్ టోర్వాల్డ్స్‌కీ దాని రచయిత కెంట్ ఓవర్‌స్ట్రీట్‌కీ పొసగక, 2025లో 6.18 నాటికి బయటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు విడి మాడ్యూల్‌గా దొరుకుతోంది. డిజైన్ ఆశ పుట్టించేదే. ప్రొడక్షన్‌కి మాత్రం ఇంకా సమయం ఉంది.

డేటాబేస్ కింద ఏది ఉన్నా తెలుసుకోవలసింది

2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్లకి ఒక కలవరపెట్టే విషయం తెలిసింది. ఎఫ్‌సింక్ (మెమరీలోని డేటాను డిస్క్‌కి చేర్చమనే ఆదేశం) విఫలమైతే డేటాబేస్ మళ్ళీ ప్రయత్నించేది, రెండోసారి విజయవంతమైతే డేటా డిస్క్‌కి చేరినట్టే అనుకునేది. కానీ లినక్స్ మొదటి వైఫల్యంతోనే ఆ పేజీలను ‘శుభ్రం’ అని గుర్తుపెట్టేసి, ఎర్రర్‌ని ఒక్కసారే చెప్పేది. రెండో ఎఫ్‌సింక్‌కి రాయాల్సిందేమీ మిగలదు, కాబట్టి ‘విజయం’ అని వచ్చేది. డేటా మాత్రం ఎక్కడా ఉండేది కాదు. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి పోస్ట్‌గ్రెస్ మొదటి ఎఫ్‌సింక్ వైఫల్యానికే ఆగిపోయి, లాగ్ నుంచి రికవరీ మొదలుపెడుతుంది.

కాబట్టి ఐఓ (డిస్క్ చదవడం, రాయడం) ఎర్రర్‌లను మానిటరింగ్‌లో కచ్చితంగా పట్టుకోవాలి. ఎల్‌వీఎం థిన్ పూల్ (నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ చోటు ఉన్నట్టు చూపగల నిల్వ) మీద డేటాబేస్ పెట్టేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. పూల్ నిండితే పైన ఫైల్‌సిస్టమ్‌కి ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, రైట్లు విఫలమవుతుంటాయి. ఎస్‌ఎస్‌డీలు కూడా కరెంటు పోయినా చేతిలోని డేటాను దించుకోగల కెపాసిటర్లున్న రకం తీసుకోండి. ఎఫ్‌సింక్ వేగంలో ఫైల్‌సిస్టమ్ మార్చితే వచ్చే తేడాకన్నా, ఇలాంటి ఎస్‌ఎస్‌డీకి మారితే వచ్చే తేడా ఎంతో ఎక్కువ.

చాలా మెషీన్‌లు అయితే: సెఫ్

సేజ్ వైల్ పీహెచ్‌డీ పరిశోధనగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంతా క్రూజ్‌లో పుట్టిన సెఫ్ (చాలా మెషీన్‌ల డిస్కులను కలిపి ఒకే నిల్వగా చేసే సాఫ్ట్‌వేర్), 2014లో రెడ్ హ్యాట్ చేతికి వచ్చింది. భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థ సెర్న్ వంటి చోట్ల పెద్ద ఎత్తున నడుస్తోంది. ఒకే క్లస్టర్ (కలిసి పనిచేసే మెషీన్‌ల గుంపు) నుంచి బ్లాక్ డివైస్, ఫైల్‌సిస్టమ్, ఎస్3 (అమెజాన్ నిల్వ సేవ) తరహా ఆబ్జెక్ట్ స్టోర్ మూడూ ఇస్తుంది. ఏ డేటా ఎక్కడుందో చెప్పడానికి మధ్యలో పట్టిక ఏదీ ఉండదు. క్రష్ అనే లెక్కతో ప్రతి క్లయింట్ తానే తేల్చుకుంటుంది. మొదట్లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి లోకల్ ఫైల్‌సిస్టమ్ మీద డేటా పెట్టేది, పదేళ్ళ అనుభవంతో ఆ దారి వదిలేసి 2017లో లూమినస్ విడుదల నుంచి నేరుగా డిస్క్ మీదే రాసే బ్లూస్టోర్‌కి మారింది.

సెఫ్ మంచిదా కాదా అన్న చర్చ అనవసరం, మంచిదే. మీకు అవసరమా అన్నదే తేల్చుకోవాలి. కొనేముందు కెపాసిటీ లెక్క వేసి చూడండి. ఒక్కోదానిలో 40 టీబీ ఉన్న 4 నోడ్‌లు (మెషీన్‌లు), మూడు ప్రతులు. మొత్తం 160, మూడుతో భాగిస్తే 53 టీబీ అని కాగితం మీద రాసుకుంటారు. ఒక నోడ్ పోయినప్పుడు దాని డేటా మిగిలిన మూడిటిలో సర్దుకోవాలి. అంటే చేతిలో ఉన్నది 120. 85 శాతం దగ్గర సెఫ్ హెచ్చరిస్తుంది, 95 దగ్గర రైట్లను ఆపేస్తుంది. 120లో 85 శాతం 102, మూడుతో భాగిస్తే 34 టీబీ. మీరు నిశ్చింతగా నింపుకోగలిగింది అంతే. 45 టీబీ నింపి కూర్చుంటే, ఒక నోడ్ పోయిన రోజు సర్దుబాటు మధ్యలోనే డిస్కులు నిండిపోయి క్లస్టర్ మొత్తం స్తంభించవచ్చు. నోడ్ పోవడం వల్ల కాదు, దాన్నుంచి కోలుకునే క్రమంలో ఆగిపోతుందన్నమాట.

మూడే నోడ్‌లతోనూ నడుపుతారు. ఒకటి పోతే రెండు ప్రతులతో పని సాగుతుంది, కానీ మూడో ప్రతి కట్టుకోవడానికి చోటుండదు. చోటు ఆదా చేద్దామని రెండు ప్రతులకీ, మిన్‌సైజ్ 1కీ (ఒక్క ప్రతి మిగిలినా రాయనిచ్చే అమరికకీ) దిగేవాళ్ళున్నారు. డేటా మీద ఆశ ఉన్నవాళ్ళు ఆ పని చేయకూడదు. ప్రతి ఓఎస్‌డీకి (ఒక్కో డిస్క్‌ని చూసుకునే సెఫ్ ప్రోగ్రామ్‌కి) మెమరీ లక్ష్యం డిఫాల్ట్‌గా 4 జీబీ, 12 డిస్కుల నోడ్‌లో దానికే 48 జీబీ పోతుంది. రైట్ ప్రతిసారీ నెట్‌వర్క్ దాటి అన్ని ప్రతులూ రాశాకే పూర్తవుతుంది, కాబట్టి మెషీన్‌లోనే ఉన్న ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేగాన్ని దీని నుంచి ఆశించకండి. సొంతంగా రెప్లికేషన్ చేసుకునే డేటాబేస్‌ని మళ్ళీ సెఫ్ మీద పెట్టడం ఒకే డేటాను ఆరు, తొమ్మిది చోట్ల దాచడమే అవుతుంది.

నా కొలబద్ద ఇది: కనీసం 5 నోడ్‌లు, వేరుగా 25 గిగాబిట్ నెట్‌వర్క్, సెఫ్‌ని ఇష్టపడి చూసుకునే మనుషులు కనీసం ఇద్దరు. ఇద్దరెందుకంటే ఒకరు సెలవులో ఉంటారు. ఇవి ఉంటే సెఫ్ లాంటిది లేదు. ఏళ్ళ తరబడి డిస్కులూ సర్వర్లూ మారుతున్నా సర్వీసు ఆగకుండా నడుస్తుంది. ఇవి లేకపోతే రెండు జెడ్‌ఎఫ్‌ఎస్ మెషీన్‌లు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి 5 నిమిషాలకోసారి స్నాప్‌షాట్ పంపుతూ ఉండటం ఎంతో నయం. చివరి 5 నిమిషాల డేటా కూడా పోకూడదంటే డీఆర్‌బీడీ ఉంది. రెండు మెషీన్‌ల మధ్య బ్లాక్ స్థాయిలో అప్పటికప్పుడు ప్రతి ఉంచుతుంది. రెండూ తామే అసలని అనుకునే పరిస్థితి రాకుండా మూడో మెషీన్‌ని కోరమ్ (మెజారిటీ తేల్చడం) కోసం పెట్టడం మరిచిపోకండి.

సెఫ్‌లాగే చాలా మెషీన్‌లను కలిపే గ్లస్టర్‌ఎఫ్‌ఎస్‌ని కొత్తగా మొదలుపెట్టకండి. రెడ్ హ్యాట్ గ్లస్టర్ స్టోరేజ్ మద్దతు 2024 డిసెంబర్ 31తో ముగిసింది, చుట్టూ ఉన్న సాఫ్ట్‌వేర్ కూడా ఒక్కొక్కటిగా దాన్ని వదులుతోంది. ఇప్పటికే నడుస్తుంటే కంగారేమీ లేదు, మారే దారి మాత్రం ఇప్పుడే చూసుకోండి. లస్టర్ సూపర్‌కంప్యూటర్ల ప్రపంచానిది, మీకు అది కావాలంటే ఆ సంగతి మీకు ముందే తెలిసి ఉంటుంది.

ఆబ్జెక్ట్ స్టోర్, దాని వెనకున్న మనుషులు

ఎస్3 ఏపీఐ కావాలనగానే ఏళ్ళపాటు అందరి నోటా వచ్చిన పేరు మినియో. ఒక్క బైనరీ, నిమిషంలో నడిచేది, వేగంగా ఉండేది. 2021లో లైసెన్సు అపాచీ నుంచి ఏజీపీఎల్‌కి మారింది. 2025లో ఉచిత ఎడిషన్ వెబ్ కన్సోల్ నుంచి నిర్వహణ సదుపాయాలు తీసేశారు, ఆ ఏడాదే సిద్ధమైన కంటైనర్ ఇమేజ్‌లు ఇవ్వడం ఆపేశారు, ఏడాది చివరికి ఆ రిపాజిటరీని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టారు. కోడ్ ఇంకా ఓపెన్ సోర్సే. కానీ ప్రొడక్షన్‌లో ఉన్నవాళ్ళకి రేపటి సెక్యూరిటీ ప్యాచ్ ఎవరిస్తారన్నది పెద్ద ప్రశ్న అయింది.

అందుకే సాఫ్ట్‌వేర్‌తోపాటు దాన్ని ఎవరు నడుపుతున్నారో చూడాలి. గత ఏడాది కోడ్ పంపినవాళ్ళు ఒకే కంపెనీవాళ్ళా, రెండు మూడు చోట్ల నుంచా? కాపీరైట్ హక్కులన్నీ ఒకరి చేతిలోనే ఉన్నాయా? ఒక గంట కూర్చుని కమిట్‌ల చరిత్ర చూస్తే తెలిసిపోయే విషయాలివి.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకి మూడు దారులు కనిపిస్తున్నాయి. సెఫ్ ఇప్పటికే ఉంటే దాని రాడోస్ గేట్‌వే చాలు. దూరదూరంగా ఉన్న చిన్న మెషీన్‌లైతే గరాజ్ బాగుంటుంది. ఇంటర్నెట్ మీదుగా మాట్లాడుకునే నోడ్‌ల కోసమే తయారైంది, నిర్వహణ తేలిక. ఎరేజర్ కోడింగ్ (పూర్తి ప్రతులకు బదులు ముక్కలూ, కొన్ని అదనపు ముక్కలూ ఉంచి చోటు ఆదా చేసే పద్ధతి) లేదు, పూర్తి ప్రతులే ఉంచుతుంది, కాబట్టి చోటు ఎక్కువ తింటుంది. కోట్లలో చిన్న ఫైళ్ళుంటే అపాచీ లైసెన్సుతో ఉన్న సీవీడ్‌ఎఫ్‌ఎస్ చూడండి. చిన్న ఫైళ్ళను పెద్ద వాల్యూమ్‌లలో కలిపి పెట్టి, ఒకటి చదవాలంటే డిస్క్ దగ్గరికి ఒక్కసారే వెళ్ళేలా చూసుకుంటుంది. దాని ఫైలర్ (ఫైళ్ళ పేర్లు, ఫోల్డర్లు చూసుకునే భాగం) వెనక ఏ డేటాబేస్ పెడతారో, ఆ డేటాబేస్ బ్యాకప్ మీ బాధ్యతే.

ఇంతకీ ఏది తీసుకోవాలి

ఒకే సర్వర్, మామూలు అప్లికేషన్, క్లౌడ్ డిస్క్: ఎక్స్‌ఎఫ్‌ఎస్, లేదా చిన్నదైతే ఈఎక్స్‌టీ4. ఎక్కువ ఆలోచించకండి. సొంత డిస్కులు, ఏళ్ళ తరబడి దాచాల్సిన డేటా, బ్యాకప్ సర్వర్, ఫైల్ సర్వర్: జెడ్‌ఎఫ్‌ఎస్. డేటాబేస్ కింద వేగమే ముఖ్యమై, డేటాబేస్ తన చెక్‌సమ్‌లు తానే పెట్టుకుంటుంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్. పోస్ట్‌గ్రెస్‌లో ఆ చెక్‌సమ్‌లు ఆన్ అయి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. పది మెషీన్‌లు, వందల వర్చువల్ మెషీన్‌లు, చూసుకునే బృందం: సెఫ్. మధ్యలో ఎక్కడో ఉండి సెఫ్ వైపు మనసు లాగుతుంటే, ఆగి పైన రాసిన 34 టీబీ లెక్కను మీ అంకెలతో వేసుకోండి.

ఏది తీసుకున్నా బ్యాకప్ వేరే సంగతి. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశారు. వెతికి చూస్తే, వెర్షన్‌లు కలవక, డేటాబేస్ బ్యాకప్ తీసే పీజీడంప్ ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్ళు తిరస్కరణకు గురవుతున్నాయి. ఎస్3 బకెట్ ఖాళీగా ఉంది. చివరికి కాపాడింది, స్టేజింగ్ (పరీక్షల సర్వర్) కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్. ఆ సంస్థ ఇదంతా దాచకుండా బయటపెట్టింది, అందువల్ల మిగతా అందరికీ మేలు జరిగింది.

కాబట్టి నిజమైన డేటా పోయకముందు ఒక వారం కేటాయించండి. డిస్క్ వేగం కొలిచే ఫియోతో మీ సొంత లోడ్ లాంటిది నడపండి, ఎఫ్‌సింక్ ఆన్ చేసి నడపండి, లేకపోతే మీరు కొలిచేది మెమరీ వేగమే. లోడ్ నడుస్తుండగా ఒక డిస్క్‌ని లాగేయండి, కొత్తది పెట్టి రీబిల్డ్‌కి ఎంతసేపు పట్టిందో, ఆ సమయంలో రెస్పాన్స్ ఎంత నెమ్మదించిందో చూడండి. ఇంకోసారి మెషీన్‌కి కరెంటు తీసేయండి, షట్‌డౌన్ కాదు, వైరే పీకండి. డిస్క్‌ని 100 శాతం నింపి, ఫైళ్ళు తుడిచి కోలుకోగలరో లేదో చూడండి, కాపీ-ఆన్-రైట్ రకాల్లో తుడవడానికి కూడా చోటు కావాలి. చివరగా బ్యాకప్ నుంచి మొత్తం రిస్టోర్ చేయండి. ఈ పనులన్నీ సిస్టమ్ కట్టిన మనిషి కాకుండా రన్‌బుక్ చేతపట్టుకుని ఇంకొకరు చేయాలి. వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో అక్కడ రన్‌బుక్‌లో ఒక వాక్యం తక్కువైందని అర్థం. ఆ వాక్యం రాశాక, ఆ అడుగు నుంచి మళ్ళీ మొదలుపెట్టించండి.